రేగడినేలలో బొమ్మజంతువులు

పుష్య మాఘమాసములలో గుంటూరు పట్టణము దాటి ఏ దిక్కునకు బోయినను రెండు రంగులు కన్నుల నాకర్షించును. నల్లరేగడి చేలలో పగిలిన కాయలనుండి వెలికుబికిన ప్రత్తి యొకవంక, కల్లములలో తివాసులవలె పరచిన మిరపపండ్లు వేరొకవంక. ప్రత్తి తీయువారిలో మిక్కిలిమంది స్త్రీలే. మిరపకాయల తొడిమలు త్రుంచి, తాలుకాయ నేరి, రాసులు వేరుచేయు చేతులును వారివే. ఈ రెండు పంటల ధరలను పత్రికలలో నిత్యము చదువుచునే యుందుము. ఈ వ్యాసమున మనము చూడబోవునది ధరలపట్టిక కెక్కని మఱియొక పంట. అది మనుష్యులు తమ చేతులతో, సరదాకొఱకు సృష్టించిన జంతువుల పంట. రాతిమీద పరుగెత్తు మృగము, తోలుమీద గంతులిడు కోతి, పాతచీర పీలికలతో కుట్టిన దూడ మొదలైనవి యందులోనివి.

ఇటీవల పట్టణములలోని ఆడపిల్లలు కొందఱు ఉన్నితో చిన్నచిన్న జంతువులను చేయుట నేర్చుకొనుచున్నారు. రంగువేసిన యున్నిని గుప్పెడు తీసికొని, అంచులందు సన్నని గాట్లున్న సూదితో మాటిమాటికి పొడిచినచో ఆ గాట్లు వెండ్రుకలను లోని కీడ్చి ఒకదానితో నొకటి పెనవేయును. మెత్తని ముద్ద క్రమముగా గట్టిపడి కుందేలో, గుడ్లగూబయో యగును. సూదికి మారుగా వేడినీటితోను సబ్బునురుగుతోను నలిపియు చేయవచ్చును. కాశ్మీరదేశపు నమ్దాలను దళసరి పరుపుబట్టలు ఈ రెండవవిధముగనే తయారగును. దీని రహస్యము ఉన్ని వెండ్రుకలోనే యున్నది. దానిపై చేపపొలుసులవంటి సూక్ష్మమైన పొరలుండును. తడియు, వేడిమియు, రాపిడియు తగులగానే అవి యొండొంటిని పట్టుకొని విడువవు. ప్రత్తిపోగున కట్టి పొలుసులు లేవు. కనుక గుంటూరు ప్రత్తిని ఎంత తడిపినను, ఎంత నలిపినను అది తడిసిన ప్రత్తియే కాని కుందేలు కాజాలదు.

మఱి ఈ ప్రాంతమున గొఱ్ఱెలు లేవా యని సోదరీమణు లడుగవచ్చును. కావలసినన్ని యున్నవి. కాని ఇచటి నెల్లూరుజాతి గొఱ్ఱెకు ఉన్ని లేదు. మేకకు వలె పొట్టివెండ్రుకలే. ఉన్నికొఱకు పడమట దక్కను పీఠభూమికి పోవలెను. అచటి దక్కనీ గొఱ్ఱెల ముతక యున్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన నల్లని గొంగడి తెలంగాణమున సుప్రసిద్ధము. అదియును నేతపనియే కాని ఒత్తుడుపని కాదు. ఉన్ని లేని ఈ మైదానమున మనవారు జంతువులను దేనితో చేసిరి? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని గుంటూరునుండి బయలుదేరుదము.

మొదటి సమాధానము రాయి. గుంటూరునకు వాయవ్యముగా ఇంచుమించు 35 కిలోమీటర్ల దూరమున కృష్ణయొడ్డున అమరావతి యున్నది. రాజధానికి పేరిచ్చిన పాతయూరిదియే. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు మరల విభజింపబడినప్పటినుండి ఇది పల్నాడు జిల్లాలో చేరియున్నది. ఇచటి బౌద్ధ మహాచైత్యము క్రీస్తుకు పూర్వము మొదలై శాతవాహనుల కాలమున విస్తరిల్లెను. దానికి వాడినది పల్నాటి సున్నపురాయి. తెల్లగా, నునుపుగా నుండి సన్నని ఉలికి లొంగుటచే దానిని పాలరాయి యనియు పిలిచిరి. 1845లో వాల్టరు ఇలియట్టుదొర త్రవ్వించిన రాళ్ళు కొన్ని చెన్నపట్టణమునకును, అటనుండి లండను మహానగరమునకును చేరినవి. నేడు ఎగ్మూరులోని ప్రదర్శనశాలయందును, లండనులోని బ్రిటిషు మ్యూజియమునందును ఎక్కువ భాగమును చూడవచ్చును. మిగిలిన కొన్ని యూరిలోని ప్రదర్శనశాలలోనే యున్నవి.

ఈ స్తూపముమీద బుద్ధుని చరితమును, జాతకకథలును గంభీరముగా చెక్కబడియున్నవని ఎల్లరు నెఱుగుదురు. కాని వెలుపలి ప్రాకారపు అడుగుపట్టెను గూర్చి చెప్పుకొనువారు తక్కువ. అందు మృగములును బాలురును వరుసగా కనబడుదురు. వారి భంగిమలు చాలవఱకు హాస్యము పుట్టించునవే. ఈ శిల్పములపై 1868లో గొప్ప గ్రంథమును ప్రకటించిన జేమ్సు ఫెర్గుసను ఈ సంగతిని ప్రత్యేకముగా గమనించెను. ఆలోచించి చూడుడు. పైవరుసలు పెద్దలు తలయెత్తి చూచి చేతులు జోడించుటకు తగినవి. నేలకు దగ్గఱగా నున్న ఈ వరుస తల్లి చేయి పట్టుకొని ప్రదక్షిణము చేయు పసివాని కన్నులకు సరిగా నందును. ఆ శిల్పి యుద్దేశ మేమైనను, ఫలము మాత్ర మిది: పూజాస్థలమున సైతము నవ్వునకు చోటు దొరికినది, ఆ నవ్వు జంతువుల రూపమున వచ్చినది.

ఎగ్మూరులోని యొక గుండ్రని ఫలకమును గూడ ఇచట స్మరింపవలెను. బుద్ధునిపైకి దేవదత్తుడు ప్రేరేపించిన నాళాగిరి యను మదగజముయొక్క కథ యందున్నది. ఒకే ఏనుగును శిల్పి రెండుమారులు చూపెను. ఒకచోట అది వీథిలోనివారిని తొండముతో చిక్కించుకొని చెలరేగుచున్నది. ప్రక్కనే బుద్ధుని పాదములకడ మోకరిల్లియున్నది. మేడలపైనుండి స్త్రీలును పురుషులును తొంగిచూచుచున్నారు. రెండు ఏనుగులకును శరీర మొక్కటియే. ఒడలి వంపుమాత్రము మాఱినది, ఆ వంపుతో మనస్సు మాఱినట్లు మనకు తోచును. బొమ్మజంతువును చేయగోరు ప్రతివారికిని ఇది మొదటిపాఠము. వెండ్రుకలు లెక్కించి చెక్కుటకంటె నడక పట్టుకొనుట ముఖ్యము.

అమరావతినుండి నైరృతిదిశగా పోయినచో పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైన నరసరావుపేట చేరుదుము. ఇచట మన ప్రశ్నకు రెండవ సమాధానము దొరకును. అది తోలు. తోలుబొమ్మలాటకు ఆంధ్రదేశమున పేరుపడిన తావులలో నరసరావుపేట ప్రాంతము నొకటి. ఈ కళ నేటిది కాదు. 13వ శతాబ్దినాటి పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రమున దీనిని ప్రస్తావించెను. ఈ వృత్తిలోని కుటుంబములు పెక్కు మహారాష్ట్రమునుండి వచ్చినవారి సంతతివి. ఇంటిలో మరాఠీ కలిసిన మాట, తెరముందు తెలుగు పద్యము వారి నాలుకలపై ప్రక్కప్రక్కనే నడచును.

బొమ్మ తయారగు విధము వినదగినది. మేకతోలును వేడినీట నానవైచి, వెండ్రుకలను గీచివైచి, బిగలాగి యెండబెట్టుదురు. అప్పుడది పలుచనై వెలుతురును లోనుండి పంపును. దానిపై నల్లని గీతతో రూపమును వ్రాయుదురు. పిదప చిన్నయులులతో గుండ్రముగను, కోలగను, నెలవంకవలెను రంధ్రములు కొట్టుదురు. ఈ రంధ్రములే తెరపై నగలై మెఱయును, జింకకు చుక్కలగును. రంగును తోలునకు రెండువైపుల పూయుదురు. అందుచేతనే మన బొమ్మల నీడ నల్లగా గాక రంగులతో పడును. భుజములు, మోచేతులు, మోకాళ్ళు వేరువేరుగా కత్తిరించి దారముతో కీలించి, నడుమ నొక కఱ్ఱను బిగింతురు. నాలుగైదడుగుల యెత్తుగల ఇట్టి పెద్దబొమ్మలు భారతదేశమున అరుదు.

ఈ ఆటలో సీతారాములకంటె పిల్లలు ఎక్కువగా కనిపెట్టుకొనియుండునది జంతువులకొఱకే. బంగారులేడి మెడ త్రిప్పి చూచుట, జటాయువు రెక్కలు విదల్చుట, తోకకు నిప్పంటిన హనుమంతుడు లంకపై నెగురుట తెల్లని తెరపై కనబడినప్పుడు నిద్రమత్తులోని పసివారును లేచి కూర్చుందురు. ఆలోచించిన నొక వింత తోచును. మేకతోలే కోతియగుచున్నది, లేడియగుచున్నది, పక్షిరా జగుచున్నది. చనిపోయిన మేక పదిరూపుల మరల నడయాడుచున్నది. ఉన్నిముద్దనుండి కుందేలును పొడిచి తీయు పట్టణపు బాలిక చేయుచున్న పనియు నిదియే; పదార్థమొక్కటి వేరు.

ఈ పనిలో స్త్రీలపాలు ఎంతటిదో సోదరీమణులు తెలిసికొనవలెను. బొమ్మలాట జట్టు సాధారణముగా నొక కుటుంబమే. తెరవెనుక స్త్రీపాత్రల మాటలును, పాటలును స్త్రీలే చెప్పుదురు. చంకలో బిడ్డతో సీతవిలాపము పాడిన తల్లుల కంఠములు ఊరివారు విందురు కాని మొగములు చూడరు. తోలు రంధ్రములు కొట్టుట, రంగులు పూయుట వంటి యోపికగల పనులలోను వారి చేయి కలదు. జట్టునకు పేరు వచ్చినప్పుడు ఆ పేరులో వీరి భాగ మెంత యని యడుగువారు అరుదు.

చలనచిత్రములును, పిదప దూరదర్శనమును వచ్చినపిమ్మట రాత్రి తెల్లవాఱులు ఆట చూచు ఊళ్ళు తగ్గిపోయినవి. పిలిచి సంభావన యిచ్చువారు లేక పెక్కు కుటుంబములు వేరుపనులకు మరలినవి. నిలిచిన వారు ఎట్లు నిలిచిరో చూడవలెనన్న ఈ మైదానము విడిచి ఒక్కసారి రాయలసీమవైపు చూడవలెను. ధర్మవరమునకు సమీపమున నిమ్మలకుంట యను గ్రామము కలదు. అచటి కళాకారులు అదే తోలుతో, అవే యులులతో దీపపు గూండ్లను, తలుపుతెరలను, గోడపటములను చేసి అమ్ముచున్నారు. ఆంధ్ర తోలుబొమ్మల కళకు భౌగోళిక గుర్తింపును లభించినది. ఆ గ్రామపు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. ఇది సంతోషింపదగిన విషయమే. కొలిమి చల్లాఱకుండ నిలిచినది. కాని దీపపు గూటిమీది నెమలికి కీళ్ళు లేవు. దీపము ముందాడిన బొమ్మ దీపమునకు చొక్కాయగా మారినది. ఆ నెమలి అందముగా నున్నది, కాని మెడ త్రిప్పదు, పిల్లలను నవ్వింపదు. కళ బ్రతుకుటకును, కళలోని ఆట బ్రతుకుటకును గల భేద మిచట స్పష్టమగును. ఒకదానికి కొనువారు చాలును. రెండవదానికి చూచువారు, ఆడించువారు కావలెను.

మరల మన త్రోవకు వత్తము. నరసరావుపేటనుండి సంతమాగులూరు, అద్దంకి మీదుగా దక్షిణమునకు సాగినచో ఒంగోలు చేరుదుము. దారిపొడుగున నల్లనేలలు కొంతవఱకు తోడుండి, పిదప రంగు మాఱును. గొఱ్ఱెలమందలు రోడ్డున కడ్డముగా వచ్చి బండ్ల నాపును. మనము మొదట చెప్పుకొన్న ఉన్నిలేని నెల్లూరుజాతి యిదియే. కాపరులు దీనిలో మూడువిధములు చెప్పుదురు. తెల్లనిది పల్ల, గోధుమవన్నెది దొర, తెల్లని యొడలిపై కన్నులచుట్టును, మూతికడను నల్లమచ్చలుగలది జోడిపి. జోడిపి మొగము చూచినచో పసిబిడ్డ యెవతెయో తల్లి కాటుకభరిణె దొంగిలించి పూసికొన్నట్లుండును. బొమ్మలు వ్రాయ నేర్చుకొను పిల్లలకు ఇంతకంటె మంచి నమూనా వేరొకటి యేల?

ఒంగోలు చరిత్ర కొంచెము చిత్రమైనది. 1904 వఱకు ఈ తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. అటుపిమ్మట గుంటూరు జిల్లాలో చేరెను. 1970లో క్రొత్తజిల్లా యేర్పడగా దానికి ముఖ్యపట్టణమైనది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశముపంతులుగారి పేరు పెట్టిరి. నెల్లూరు జిల్లాలో నున్న కాలమునుండియే యిచటి పశువులు సముద్రములు దాటెను. అందుచే ఒంగోలు గిత్త సంతతికి బ్రెజిలుదేశమున నెలోరు అను పేరు స్థిరపడినది. నే డా దేశపు మందలలో అధికభాగ మీ సంతతిదే. స్వదేశమున దీనిని కాపాడుటకు గుంటూరు సమీపముననున్న లాంఫారమువంటి చోట్ల పోషించుచున్నారు.

ఈ గిత్తయే మన మూడవ సమాధానమునకు నమూనా. ఆ సమాధానము గుడ్డయు ప్రత్తియు. ఉన్నివలె ప్రత్తి తనంతట పట్టుకొని నిలువదు, నిజమే. కాని దానికి గుడ్డతో నొక చర్మమును కుట్టి యిచ్చినచో ఏ జంతువైనను కాగలదు. పాతచీర చించి, లోన ప్రత్తి కూరి, బిడ్డలకు బొమ్మలు కుట్టియిచ్చిన అమ్మమ్మలు మన యిండ్లలో తక్కువవారు కారు. ఆ పనినే కొంచెము శ్రద్ధతో చేయుటెట్లో వ్రాయుచున్నాను.

మొదట గిత్తను చక్కగా చూడుడు. మూపురము ఎత్తుగా నిలిచియుండును. గంగడోలు మెడనుండి రొమ్మువఱకు మడతలుగా వ్రేలాడును. కొమ్ములు పొట్టివి, మొదట లావుగా నుండి వెలుపలికిని వెనుకకును సాగును. ఒడలు తెలుపు, పోతులకు తలయు, మెడయు, మూపురమును బూడిదవన్నె. కంటిచుట్టు కాటుక దిద్దినట్లు నల్లనిగీత. ఇంతయు కన్నులలో నిలుపుకొని కాగితముపై ప్రక్కరూపము వ్రాయుడు. మూపురమును ఉన్నదానికంటె కొంచెము పెద్దది చేయుడు, కాళ్ళను కొంచెము పొట్టివి చేయుడు. నవ్వు అచటనే పుట్టును.

ఆ కాగితమును పెట్టి గుడ్డను రెండు ముక్కలుగా, చుట్టును అర అంగుళము కుట్టునకు విడిచి, కత్తిరింపుడు. నాలుగుకాళ్ళపై నిలువవలె నన్న మఱి రెండుముక్కలు కావలెను. అవి పొట్టయును కాళ్ళ లోపలివైపును కలిసిన యాకారముతో నుండవలెను. గుడ్డల మంచివైపులు లోనికుండునట్లు పెట్టి సన్నని వెనుకకుట్టుతో కుట్టుడు. పొట్టక్రింద రెండంగుళములు కుట్టక విడువుడు. వంపులకడ కుట్టు తెగకుండ చిన్నచిన్న గాట్లు పెట్టి, లోపలిది వెలికి త్రిప్పుడు. గింజ తీసిన శుభ్రమైన ప్రత్తిని ఎండలో నుంచి విడదీసి, కొంచెము కొంచెముగా మొద్దుపుల్లతో కూరుడు. ముందు కాళ్ళు, తరువాత తల, పిదప మూపురము, కడపట పొట్ట. కాళ్ళలో గట్టిగా కూరనిచో గిత్త నిలువక కూలబడును. ఎముకలు లేని జంతువునకు ప్రత్తియే యెముక. గంగడోలునకు మాత్రము ప్రత్తి వలదు. రెండు పొరల మెత్తనిగుడ్డను కుచ్చువలె వ్రేలాడదీసిన చాలును. పసిబిడ్డల బొమ్మకు పూసలు కన్నులుగా కుట్టరాదు. అవి ఊడి నోటిలో బోవును. నల్లదారముతో కన్నులు కుట్టుటయే క్షేమము. బూడిదవన్నెకు పాత నేతచీర కొంగుముక్క నతుకుడు.

ఈ పనిని కాలక్షేపమని చులకన చేయువారికి జర్మనీదేశపు మార్గరెటే స్టైఫ్ కథను చెప్పవలెను. 1847లో పుట్టిన యా బాలికకు ఏడాదిన్నర వయస్సుననే కాళ్ళు పడిపోయినవి. కుడిచేయియు సరిగా నాడదు. చక్రముల కుర్చీలో కూర్చుండియే కుట్టుపని నేర్చి, ఒత్తిన ఉన్నిబట్టతో దుస్తులు కుట్టి జీవించుచుండెను. 1880 ప్రాంతమున ఆమె ఆ బట్టతోనే చిన్నయేనుగును కుట్టెను. అది గుండుసూదులు గ్రుచ్చుకొను మెత్త. పిల్లలు సూదులు పెఱికివైచి దానితో ఆడుకొనిరి. అంతట ఆమె కోతిని, గాడిదను, ఒంటెను గూడ కుట్ట నారంభించెను. చిన్న కుట్టుగది పెద్ద కర్మాగారమై, దేశదేశములకు బొమ్మలను పంపెను. నేడు లోకమెల్ల నెఱిగిన ఎలుగుబంటిబొమ్మ 1902లో ఆ కర్మాగారముననే, ఆమె మేనల్లుని రచనగా వెలువడెను. ఆమె 1909లో మరణించెను. ఆమెకు ఒత్తిన ఉన్ని దొరకినది, మనకు ప్రత్తి దొరకినది, అంతియే భేదము. కాని ఆమె తన పనికి వెల కట్టుట యెఱిగియుండెను. మనము సాధారణముగా ఎఱుగము.

ఈ యాత్రలో మనము చూచిన సారాంశ మిది. ఉన్ని లేదని ఈ నేల చిన్నబోలేదు. రాయి దొరకిన రాతితో, తోలు దొరకిన తోలుతో, ప్రత్తి దొరకిన ప్రత్తితో నవ్వు పుట్టించు జంతువులను చేసికొన్నది. రెండువేల యేండ్లుగా పదార్థమునకు లోటు రాలేదు. లోటు వచ్చినచో నది విలువ కట్టుటలోనే వచ్చును. ఇంటిలో కుట్టిన గిత్తను ఎవరైన అడిగినప్పుడు ఊరక యిచ్చుట మర్యాదయే. అమ్మకమునకు చేసినప్పుడు మాత్రము గుడ్డ, దారము, ప్రత్తి, పట్టిన గంటలు అన్నియు లెక్కవైచి ధర చెప్పుడు. గంటలను లెక్కింపని ధర మన శ్రమను మనమే లేదనుకొనుట. తోలుబొమ్మలను కొనునప్పుడు చేసినవారియొద్దనే కొనుడు. దీపపు గూడుతో తృప్తిపడక కీళ్ళు గల కోతినో, లేడినో చేసియిమ్మని యడుగుడు. మీ బిడ్డల పాఠశాలకు ఒక రాత్రి యాటను పిలిపింపుడు. ఆట ముగిసినపిమ్మట తెరవెనుకకు బోయి, పాడిన తల్లి పేరు అడిగి తెలిసికొనుడు.

సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చునప్పుడు కొండపల్లి యేనుగు ప్రక్కన తోలులేడికిని, చేతితో కుట్టిన ఒంగోలు గిత్తకును ఒక్కొక్క మెట్టు కేటాయింపుడు. పేరంటమునకు వచ్చినవారు ఆ గిత్త నెచట కొంటిరని యడుగుదురు. కొనలేదు, మా చేని ప్రత్తితో మా యింటనే పుట్టినదని చెప్పుడు.